ఒక్కదెబ్బ మావయ్య

మా మావయ్యని యార్డులో అందరూ ఒక్కదెబ్బ అనేవాళ్ళు. ఎంత పొడుగు ట్రైలరైనా, ఎంత ఇరుకు సందైనా, ముందుకీ వెనక్కీ తచ్చాడకుండా ఒక్క దెబ్బలో సరుకు దించే అరుగుకి ఆనించేవాడట. తక్కిన డ్రైవర్లు చేతిలో పని ఆపి మరీ చూసేవారట. ఇన్ని 'అట'లు ఎందుకంటే అదేదీ నేను చూడలేదు. నేను ఆయన దగ్గరికి వెళ్ళేసరికే ఆయన రోడ్డు మీద బండి నడపడం మానేసి పద్దెనిమిదేళ్ళయింది. ఆ పద్దెనిమిదేళ్ళూ గోడౌను వెనక ఖాళీ జాగాలో కొత్తవాళ్ళకి ట్రైలర్ వెనక్కి పెట్టడం నేర్పుతూ గడిపాడు.

మా నాన్న ప్రాణం తీసింది ఆయన నడిపిన ట్రైలరే.

నాన్న, మావయ్యకి బావమరిది. అక్క మొగుడి బండి మీదే పనికి కుదిరాడు. వెనక నిలబడి చెయ్యి ఊపడం, చక్రాల కింద చెక్కలు పెట్టడం, తలుపులు తెరవడం, ఇదీ నాన్న పని. ఒక మధ్యాహ్నం సరుకు దించే మూడో నంబరు అరుగు దగ్గర, అరుగుకీ ట్రైలర్‌కీ మధ్య నలిగిపోయాడు. అప్పుడు నాకు పదకొండేళ్ళు. విచారణ జరిగింది. మావయ్య చెప్పింది ఒక్కటే మాట: "మా బావమరిది నాకు కనబడని వైపు నుంచి వెనక్కి వెళ్ళాడు. నేను చూడలేదు." చూసినవాళ్ళు ఇంకెవరూ లేరు. యార్డులో ఉన్న మిగతా డ్రైవర్లకి ఆ ట్రైలరే అడ్డం. మృతుడు నిలబడకూడని చోట నిలబడ్డాడని కాగితం రాసి, సంతకాలు పెట్టి, ఆ అరుగు షట్టరుకి తాళం వేసి అందరూ చేతులు దులుపుకున్నారు.

ఆ ఒక్క వాక్యం వచ్చి మా ఇంట్లో తిష్ఠ వేసింది. అమ్మ ఏడవలేదు. అమ్మకి కోపం వచ్చింది. ఆసుపత్రి లాండ్రీలో రోజంతా దుప్పట్లు ఉతికి, మడిచి, ఇంటికొచ్చి పోయిన మనిషిని తిట్టేది. "ఎక్కడ నిలబడాలో కూడా తెలియని మనిషిని కట్టుకున్నాను" అనేది. నేను గుమ్మంలో ఒక్క క్షణం ఆగితే చాలు, "మీ నాన్నలా అడ్డంగా నిలబడకు, తప్పుకో" అనేది. నేను తప్పుకునేదాన్ని. పదకొండేళ్ళప్పుడు తప్పుకున్నాను, ఇరవై తొమ్మిదేళ్ళకీ తప్పుకుంటూనే ఉన్నాను. కానీ నాన్న నాకు అలా గుర్తులేడు. రోడ్డు దాటేటప్పుడు నా చెయ్యి పట్టుకుని రెండు వైపులా చూసి, మళ్ళీ మొదటి వైపు చూసే మనిషి ఆయన. అంత జాగ్రత్త గల మనిషి చావు దగ్గరికి వచ్చేసరికి ఎలా మందమతి అయిపోయాడో నాకు అంతుబట్టేది కాదు.

నేను పార్సిళ్ళ వ్యాను నడుపుతాను. పెద్ద బండి లైసెన్సు తీసుకుంటానని అమ్మతో చెప్పాను. అది అబద్ధం కాదు, సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, నాన్న పోయిన చోటు ఒకసారి డ్రైవరు సీట్లో కూర్చుని చూడాలని. అమ్మ కాసేపు గొణిగి, "నేర్చుకుంటే మీ మావయ్య దగ్గరే నేర్చుకో. మీ నాన్న చేసిన పనికి ఆయన బతుకు కూడా బుగ్గిపాలైంది, పాపం" అంది.

మావయ్యకి అరవై దాటాయి. గాలికి ఎగిరిపోయేంత సన్నగా ఉంటాడు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక మెత్తని గుడ్డ. పాఠం మొదలెట్టే ముందు బండికి రెండు పక్కలా ఉన్న అద్దాలు తనే తుడుస్తాడు, అవి మెరుస్తున్నా సరే తుడుస్తాడు. నన్ను సీట్లో కూర్చోబెట్టి, మెట్టు మీద నిలబడి, కిటికీలోంచి చెప్పేవాడు.

"స్టీరింగ్ పైన కాదమ్మాయ్, కింది అంచు పట్టుకో. బండి తోక ఎటు పోవాలో నీ చెయ్యి అటు జరుపు. అంతే. కొంచెమే. ఇంకా కొంచెం."

కొంచెం అంటే నాకేం తెలుసు! మొదటి వారమంతా ట్రైలర్ మడతపడి ఇంజను పక్కకే వచ్చి కూర్చుంది. నేను ఇటు తిప్పితే అది అటు పోయేది. చెమటతో చేతులు జారేవి. మావయ్య విసుక్కోలేదు.

"ముందుకి నడపడం పెళ్ళి చేసుకోవడం లాంటిది, ఎవడైనా చేసుకుంటాడు. వెనక్కి పెట్టడం కాపురం. గట్టిగా లాగితే తెగుతుంది" అన్నాడు ఒకసారి. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఒక మాట మాత్రం చెవిలో జోరీగలా మోగించేవాడు. "వెనకున్న మనిషి అద్దంలో కనబడకపోతే ఆపు. హ్యాండ్ బ్రేకు వెయ్యి. దిగు. వెళ్ళి చూడు." రోజుకి ఇరవైసార్లు. పసుపురంగు డబ్బాలు వరసగా పెట్టి, వాటి పక్కన తను నిలబడి, మధ్యలో చెప్పకుండా మాయమయ్యేవాడు. నేను గమనించక ఒక అడుగు వెనక్కి పోనిస్తే ఆ రోజుకి పాఠం బంద్.

రెండో నెలలో ఒకరోజు ఐదో నంబరు అరుగుకి ఒక్క ఊపులో, గీత గీసినట్టు పెట్టాను. ఎవరో డ్రైవరు ఈల వేశాడు. నేను పొంగిపోయి మావయ్య వైపు చూశాను. ఆయన మొహం నల్లబడిపోయింది.

"ఎవరి కోసం పెట్టావు అలా? వాడు ఈల వేస్తాడనా?" అని కేకలేశాడు. "తియ్. ముందుకి తీసుకెళ్ళు. మూడుసార్లు ఆగి, మూడుసార్లు దిగి చూసి, అప్పుడు పెట్టు."

ఒళ్ళు మండిపోయింది. మెచ్చుకోకపోతే పోనీ, ఈ తిట్లేమిటి? చేసేదేం లేక, తియ్యమన్నట్టే తీసి, ఆగమన్నన్నిసార్లు ఆగి పెట్టాను.

ఒకటి, రెండు, ఐదు, ఆరు. ఈ అరుగుల దగ్గరే నేర్పేవాడు. నాలుగు దగ్గర కూడా ఒకసారి పెట్టించాడు. మూడు జోలికి మాత్రం పోయేవాడు కాదు. దాని షట్టరు తుప్పు పట్టి ఉండేది, ముందు పాత టైర్లు గుట్టగా పోసి ఉండేవి. ఆ గుట్ట వెనక ఏముందో బయటికి తెలిసేది కాదు. నేనూ అడగలేదు. అడిగితే ఆయన నేర్పడం మానేస్తాడని భయం.

నా పరీక్ష ఇంక పది రోజులుందనగా యార్డు సూపర్‌వైజరు ఆ టైర్లు ఎత్తించి, మూడో నంబరు మళ్ళీ తెరిపించాడు. సరుకు పెరిగింది, చోటు చాలడం లేదన్నాడు. మర్నాడు పొద్దున మేము వెళ్ళేసరికి మిగతా అరుగులన్నీ నిండి ఉన్నాయి.

"మూడో దాంట్లో ప్రాక్టీసు చేసుకోండి, పదకొండు దాకా ఖాళీయే" అన్నాడు సూపర్‌వైజరు. ఆయన కొత్తవాడు. నాన్న సంగతి ఏమీ తెలియదు.

మావయ్య గుడ్డ తీసి అద్దాలు తుడవడం మొదలెట్టాడు. తుడిచిందే తుడుస్తున్నాడు. నేను బండి వరసకి తెచ్చి, మెల్లగా వెనక్కి పోనిచ్చి, సగంలో ఆపాను. ఆయన చెప్పినట్టే హ్యాండ్ బ్రేకు వేసి, దిగి, వెనక్కి వెళ్ళి చూశాను.

డ్రైవరు వైపు మనిషి నడిచేంత జాగా ఉంది. అవతలి వైపు గోడ. గోడౌను గోడే అటు పొడుచుకొచ్చింది. ట్రైలర్‌కీ గోడకీ మధ్య జానెడు సందు. పిల్లి దూరాలన్నా ఆలోచించుకుంటుంది. గోడ అడుగున పాతకాలపు నాచు, పైన వెలిసిపోయిన రంగు.

"ఈ గోడ ఎప్పటిదండీ?" అని సూపర్‌వైజర్ని కేకేసి అడిగాను.

"గోడౌనుతో పాటు కట్టిందే, ప్లానులోనే ఉంది. గోడ కట్టాకే అరుగులు వచ్చాయి."

కనబడని వైపు నుంచి వెళ్ళాడన్నారు. ఆ వైపు నుంచి ఎవరూ వెళ్ళలేరు. పోనీ అరుగు మీద నుంచి దిగాడనుకుందామా అంటే, ఆ రోజు షట్టరు ఇంకా తెరవలేదని నేను చదివిన ఆ విచారణ కాగితంలోనే ఉంది. నాన్న వెనక్కి వెళ్ళాలంటే ఒక్కటే దారి, డ్రైవరు పక్కనుంచి, డ్రైవరు అద్దంలోంచి. విచారణ చేసినవాళ్ళెవరూ స్టీరింగ్ ముందు కూర్చోలేదు. కూర్చున్నవాడు ఒక్కడే, వాడు చెప్పలేదు.

తిరిగొచ్చాను. మావయ్య ఇంకా అద్దం దగ్గరే ఉన్నాడు.

"మావయ్యా, నాన్న ఎలా వెళ్ళాడో అలా వెనక్కి వెళ్ళు. నేను బండి పెడతాను."

"వాడు... అటు పక్కనుంచి కదమ్మా..."

"అటు పక్క ఎక్కడుంది మావయ్యా?"

గుడ్డ చేతిలో నలిగింది. గోడ వైపు చూశాడు, నా వైపు చూశాడు. తర్వాత గుడ్డ జేబులో పెట్టుకుని నడిచాడు. నేను ఎక్కి కూర్చున్నాను. బండి వెనక్కి కదిలింది. అద్దంలో ఆయన వీపు కనబడుతోంది. ట్రైలర్ చివర దాకా నడిచాడు. అక్కడ ఆగి, నా వైపు తిరిగి, కుడి చెయ్యి పైకెత్తాడు. అరచెయ్యి తెరిచి, ఆగు అన్నట్టు. అలా ఎత్తిన చెయ్యితోనే పక్కకి అడుగేసి అద్దంలోంచి మాయమయ్యాడు.

ఆపాను. బ్రేకు వేశాను. దిగాను. పరుగెత్తాను.

అరుగుకి వీపు ఆనించి నిలబడ్డాడు. ట్రైలర్‌కీ ఆయనకీ మధ్య ఇంకా రెండు బారల దూరం ఉంది. కళ్ళు మూసుకున్నాడు.

"ఆపడానికి ఎంతసేపు పట్టింది మావయ్యా?"

"ఏం పట్టలేదమ్మా" అన్నాడు. కళ్ళు తెరవలేదు. "చెక్క దిమ్మ ఒకటి అడ్డంగా పడి ఉంది. తీస్తానని వెళ్ళాడు. వెళ్తూ చెయ్యెత్తాడు. నేను చూశాను."

"చూసి?"

"బండి ముందు, అవతల పక్క నలుగురు డ్రైవర్లు నిలబడి చూస్తున్నారు. వాళ్ళకి బండే కనబడుతుంది, వాడు కనబడడు. ఆపితే ఒక్క దెబ్బ అనిపించుకోదు. వాడు చురుకైనవాడు, తీసేసి ఇవతలికి దూకేస్తాడులే అనుకున్నా."

నేను ఆయన్ని కొట్టలేదు. కొట్టాలనిపించింది, ఆ మాట దాచను. "మా ఇంట్లో ఏమంటారో తెలుసా నీకు?" అన్నాను.

"తెలుసు. మీ అత్తా అదే అనేది. తమ్ముడి మీద కోపంతోనే పోయింది. మంచం పక్కన కూర్చుని కూడా చెప్పలేకపోయాను."

"అమ్మకి చెప్పు."

"నువ్వే చెప్పమ్మా, నీకు పుణ్యం ఉంటుంది."

"నేనెందుకు చెప్పాలి? నోరు నీది, మాట నీది. రేపు అమ్మకి సెలవు."

మర్నాడు వచ్చాడు. అమ్మ మంచం మీద ఉతికిన బట్టలు పోసుకుని మడుస్తోంది. "రండన్నయ్యా, కూర్చోండి" అంది. ఆయన కూర్చోలేదు. గది గుమ్మంలోనే నిలబడి, నాలుగు ముక్కల్లో చెప్పేశాడు. దిమ్మ, చెయ్యి, డ్రైవర్లు, అబద్ధం.

అమ్మ చేతిలో ఉన్న దుప్పటి మడత పూర్తిచేసింది. మళ్ళీ విప్పింది. మళ్ళీ మడిచింది.

"చెయ్యెత్తారా?" అంది.

"ఎత్తాడమ్మా."

"ఏ చెయ్యి?"

"కుడి చెయ్యి."

అమ్మ తల ఊపింది. అమ్మ అరిస్తే బాగుండునన్నట్టు మావయ్య నిలబడ్డాడు. చివరికి అమ్మ చాలా మామూలుగా అంది: "పద్దెనిమిదేళ్ళు ఆ మనిషిని తిట్టుకుంటూ బతికానన్నయ్యా. కోపంలో ఒక్కనాడు కూడా ఏడుపు రాలేదు. మీరు ఆయన్ని తీసుకుపోయారు సరే, నా ఏడుపు కూడా ఎందుకు పట్టుకుపోయారు?"

మావయ్య గుమ్మంలో అలాగే ఉండిపోయాడు. అమ్మ లేచి, దుప్పటి చంకలో పెట్టుకుని పెరట్లోకి వెళ్ళడానికి అటే వచ్చింది. గుమ్మంలో ఆగితే నన్ననే ఆ పాత మాట అమ్మ పెదాల దాకా వచ్చింది. రావడం చూశాను. అమ్మ దాన్ని మింగేసింది.

"తప్పుకోండి" అంది అంతే.

ఆయన తప్పుకున్నాడు. అమ్మ వెళ్ళి పెరటి మెట్టు మీద కూర్చుని, దుప్పటి మొహానికి అదుముకుని, నాన్న ఆ పొద్దునే పోయినట్టు ఏడ్చింది.