మూడు సీసాల నీళ్లు

మా నాన్నగారి తద్దినం దగ్గర పడుతుంటే నాకు అన్నం సహించదు. ఇంట్లోవాళ్లు పితృభక్తి అనుకుంటారు. ఇరవై రెండేళ్లుగా అలాగే అనుకోనిస్తున్నాను. పిండం పెట్టేటప్పుడు నోటితో మా నాన్నగారి పేరే చెబుతాను. మనసులో మెదిలేది మాత్రం చేపలు పట్టేవాళ్ల పిల్ల సత్తెమ్మ. ఆ పిల్లని నేను చంపాను. ఈ ఒక్క మాట కాగితం మీద పెట్టడానికి ఇన్నేళ్లు పట్టింది. మీరెవరో నాకు తెలియదు. తెలిసిన మొహమైతే రాయలేకపోయేవాణ్ణి.

అప్పట్లో నేను పాలకొల్లుకు దిగువన ఒక చిన్న ఆసుపత్రిలో కాంపౌండరుని. ఊరికి అవతల కాలవ గట్టున చేపలు పట్టేవాళ్ల పల్లె ఉండేది. అక్కడ ఏటి నీళ్లు ఉప్పు. మిగతా ఏడాదంతా కాలవ నీళ్లే తాగేవారు. వేసవిలో కాలవలు కట్టేస్తే వాళ్లకు మిగిలేది ఒక్క నుయ్యి. దాని పక్కనే తోళ్ల కొట్టు. పురుగు పట్టకుండా తోళ్లకు పాషాణమనే విషం పూసి, బేరానికి ముందు కడిగేవారు. ఆ కడిగిన నీళ్లు ఎక్కడికి ఇంకుతున్నాయో ఎవరికీ పట్టలేదు. ఆ ఏడు పల్లెలో వాంతులు, కడుపునొప్పులు మొదలయ్యాయి. మా డాక్టరు దొరగారు నూతి నీళ్లు తెప్పించి, ఆమ్లం కలిపి, అందులో రాగిరేకు వేసి మరిగించారు. రేకు నల్లబడింది. నల్లబడితే పాషాణం ఉన్నట్టు.

నుయ్యి పూడ్చేస్తే వాళ్లకు తాగడానికి చుక్క లేదు. అందుకని ఆ నీళ్లనే బాగుచేయాలని దొరగారు పట్టుబట్టారు. పటిక వేసి చూశారు. చిల్లగింజ అరగదీసి కలిపి చూశారు. నీళ్లు అద్దంలా తేరాయి గానీ రేకు నల్లబడుతూనే ఉంది. ఇసకా బొగ్గూ పోసి వడకట్టినా అంతే. ఇనుప తుప్పు పాషాణాన్ని పట్టి ఉంచుతుందని ఆయన ఎక్కడో చదివారట. పల్లెవాళ్లు విరిగిన గాలాలు, పాత లంగరు ముక్కలు తెచ్చి పోశారు. "ఇన్నాళ్లూ లంగరుని నీళ్లలో ఏసేం, ఇప్పుడు లంగర్లో నీళ్లు పోత్తన్నామండి" అని ఒక ముసలాయన నవ్వాడు. ఒకదాని మీద ఒకటి మూడు కుండలు పెట్టాం. పైదాంట్లో ఇసక, నడిమిదాంట్లో తుప్పు, అడుగుదాంట్లోకి తాగే నీళ్లు. ఆ నీళ్లలో వేసిన రేకు తళతళలాడుతూనే ఉంది. దొరగారు ఆ రోజు తన ఎదురుగా నాకు కుర్చీ వేయించారు. ఆ కుర్చీ నాకు చాలా నచ్చింది.

తుప్పు ఎన్నాళ్లు పనిచేస్తుందన్నది మాత్రం తేలాలి. ప్రతి గురువారం సాయంత్రం నేను స్వయంగా వెళ్లి అడుగుకుండ నీళ్లు సీసాలో పట్టాలి. శుక్రవారం పొద్దున్నే ఆసుపత్రి బంట్రోతు మా ఇంటికి వచ్చి సీసా పట్టుకెళతాడు. రేకు మసకబారిన వారం తుప్పు మార్చాలి. అంతా ఆ సీసాలోనే ఉంది.

కుండలు నూకాలమ్మ వాకిట్లో పెట్టాం. సత్తెమ్మ ఆమె కూతురు, పురిటికి పుట్టింటికి వచ్చింది, ఏడో నెల. నూకాలమ్మ చెంబు ఎత్తి పైనుంచి పోసేది. నేను కింద సీసా పట్టేవాణ్ణి. ఆమె చెంబు నా సీసాకు తగలకుండా ఆమే జాగ్రత్త పడేది. ఇంటికొచ్చి సీసా అరుగు మీద పెట్టి తలస్నానం చేసేవాణ్ణి. నాలుగు వారాలు సవ్యంగా చేశాను.

అయిదో గురువారం సీసాతో ఇంటికి వచ్చాను. మర్నాడు మా నాన్నగారి తద్దినం. పొద్దున్నే భోక్తలు వచ్చి ఆ అరుగు మీదే కూర్చుంటారు. పల్లె కుండలోంచి వచ్చిన నీళ్లు ఇంట్లో ఎక్కడ పెట్టను? మా ఆవిడ అడ్డు చెప్పిందని రాయాలని ఉంది, కానీ ఆవిడ ఒక్క మాట అనలేదు. పశువుల పాకలో పెట్టొచ్చు. వీధి గోడ మీద పెట్టొచ్చు. ఆ మాత్రం ఆలోచన నాకు తట్టలేదా? తట్టింది. భోక్తలు చూస్తే ఏమనుకుంటారో అన్నది ముందు తట్టింది. పెరట్లోకి వెళ్లి సీసా వంపేశాను. కడిగి, మా నూతి నీళ్లతో నింపి, బంట్రోతు కోసం అరుగు మీద పెట్టాను. మడి చెడలేదు.

రేకు తళతళలాడిందని దొరగారు మురిసిపోయారు. అయిదు వారాలైనా తుప్పు నిలిచిందని రాసుకున్నారు. ఒక్కసారే కదా, వచ్చే వారం అసలు నీళ్లే ఇద్దామనుకున్నాను. వచ్చే వారం వచ్చింది. ఈసారి రేకు నల్లబడితే, పోయిన వారం ఎందుకు నల్లబడలేదని అడుగుతారు కదా? నిజానికి ఆ నీళ్లు ఎలా ఉన్నాయో నాకు తెలియదు. తెలుసుకోకుండా ఉండడానికే రెండో సీసా కూడా వంపేసి మా నూతి దగ్గర నింపాను. మూడోదీ అంతే. ఆ రెండు వారాలూ తద్దినం లేదు, భోక్తలు లేరు.

ఆ మూడో సీసా పట్టడానికి వెళ్లినప్పుడు నూకాలమ్మ నీళ్లు పోస్తూ అడిగింది. "బాబుగారూ, సిన్నదానికి సేతులు తిమ్మిరెక్కుతున్నాయండి. వల అల్లుతుంటే సూది జారిపోతందండి. కుండలో తుప్పు మార్చమంటారా?"

"అక్కర్లేదు నూకాలమ్మా. దొరగారు పోయిన వారం కూడా పరీక్ష చేశారు. నీళ్లు బాగున్నాయి."

"మీరన్నారుగా, సాలండి."

నమ్మకం కుదరనివాళ్లు పడవలేసుకుని ఉప్పు తగలనంత ఎగువకు పోయి ఏటినీళ్లు తెచ్చుకుంటున్నారు. నూకాలమ్మ మాత్రం కడుపుతో ఉన్న పిల్లకి వేరే నీళ్లు ముట్టనివ్వలేదు. ఆ కుండ నీళ్లే పట్టింది. ఎండలు ముదిరాయని ఇంకా ఎక్కువ పట్టింది. నా మాట నమ్మనివాళ్లందరూ బతికారు.

సత్తెమ్మకు అయిదు రోజులు వాంతులు. దొరగారు వేరే ఊరి క్యాంపులో ఉన్నారు. నాకు తెలిసిన మందులన్నీ ఇచ్చాను, ఆ కుండ నీళ్లు మాన్పించమన్న మాట తప్ప. ఆ మాట అంటే ఎందుకని అడుగుతారు. ఆరో రోజు పొద్దెక్కాక సత్తెమ్మ పోయింది, లోపలి బిడ్డతో సహా. పల్లెవాళ్లు కుండలు పగలగొట్టబోయారు. నూకాలమ్మ అడ్డంగా నిలబడింది. "కుండలదేం తప్పు లేదు. బాబుగారు వారం వారం సీసా పట్టుకెళ్లేరు, నా కళ్లతో సూసేను. నా పిల్ల రాత అంతే" అంది. నేను అక్కడే, పది అడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు.

ఆ సాయంత్రమే అడుగుకుండ నీళ్లు పట్టి, ఆసుపత్రిలో నేనొక్కణ్ణే మరిగించాను. రేకు బొగ్గులా తేలింది. మర్నాడు తుప్పు మార్పించాను. శుభ్రం కోసమని చెప్పాను. ఆ పిల్ల పోయిన తొమ్మిదో రోజున కాలవకు నీళ్లు వదిలారు.

వేసవి పొడుగునా తుప్పు మార్చనక్కర్లేదని దొరగారు పైవాళ్లకు రాశారు. ఆ మాట నమ్మి ఇంకెక్కడ ఎవరు మార్చడం మానేశారో నాకు తెలియదు. ఆయన బదిలీ అయి వెళ్లేటప్పుడు నా భుజం తట్టారు.

ఆ తరవాత ప్రతి వేసవిలోనూ నూకాలమ్మ తాటిముంజలు తెచ్చేది. దొడ్డి గుమ్మానికి దూరంగా, అరిటాకులో పెట్టి, నా మడి చెడకుండా వెనక్కి జరిగి నిలబడేది. "మా పిల్ల కోసం ఎంత తిరిగేరండి మీరు" అనేది. ఆ ముంజలు మా పిల్లలు తిన్నారు. నేను ఏదో వంక చెప్పి తప్పించుకునేవాణ్ణి. ప్రతి ఏడూ చెబుదామనుకున్నాను. ఎవరి కోసం ఆగాను? ఆమె గుండె పగులుతుందనా? కాదు. ఆమె నన్ను చూసే చూపు పోతుందని.

ఈ వేసవి ముంజలు రాలేదు. పల్లెకి వెళ్లి అడిగితే మాఘమాసంలో పోయిందన్నారు. ఇక చెప్పుకోవడానికి మనిషి లేదు. క్షమించమని అడిగే యోగ్యత ఎప్పుడూ లేదు. ఆమె ముందు అనవలసిన మాట ఇక్కడ రాస్తున్నాను, ఎవరు చదివినా సరే.

నూకాలమ్మా, ఆ మూడు సీసాల్లో ఉన్నవి మీ కుండ నీళ్లు కావు. మా నూతి నీళ్లు.