ఎదురు ప్రార్థన

నేను ఆర్మీలో చేరతానని చెప్పిన వారానికే మా అమ్మ నా మీద ప్రార్థన పెట్టించింది. నా కోసం కాదు, నా మీద. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఆడవాళ్ళందరి ముందూ లేచి, "మా అమ్మాయి మనసు మార్చమని ప్రార్థించండి" అని అడిగిందట. ఈ సంగతి నాకు ఇంట్లో తెలియలేదు. హఫీజ్‌పేట్ స్టేషను దగ్గర కూరగాయల బండి ముందు చర్చి ఆంటీ ఒకావిడ నా గడ్డం పట్టుకుని, "నీ గురించి కన్నీళ్ళతో అడుగుతున్నామమ్మా, తప్పకుండా నీ మనసు మారుతుంది" అంటే తెలిసింది. పెద్దావిడ కాబట్టి ఊరుకున్నాను గానీ, లేకపోతే చేతిలో ఉన్న సొరకాయతో ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

మా చర్చిలో ఆడవాళ్ళు శుక్రవారం పొద్దుటి నుంచీ ఏమీ తినకుండా ఉండి, మధ్యాహ్నం ఎవరో ఒకరి ఇంట్లో చేరతారు. తల మీద ముసుగేసుకుని చాపల మీద కూర్చుని, ఒక్కొక్కరూ తమ ప్రార్థన అంశం చెబుతారు. ఒకరికి కొడుకు ఉద్యోగం, ఒకరికి మోకాళ్ళ నొప్పి, ఒకరికి ఖాళీ చెయ్యమంటున్న ఇంటి ఓనరు. తర్వాత అందరూ కలిసి గొంతెత్తి అడుగుతారు. సాయంత్రం ఉప్మా తిని, టీ తాగి ఉపవాసం విడుస్తారు. చిన్నప్పటి నుంచీ ఆ చాపలు పరిచిందీ, ఆ టీ గ్లాసులు కడిగిందీ నేనే. నేనూ ఒక అంశం అవుతానని ఎన్నడూ అనుకోలేదు.

ఇంటర్ అయ్యాక దూరవిద్యలో డిగ్రీ కట్టి, హైటెక్ సిటీలో ఒక పెద్ద ఆఫీసు బిల్డింగు కింద రిసెప్షన్‌లో చేరాను. వచ్చినవాళ్ళ ఫోటో తీసి, బ్యాడ్జి ప్రింటు తీసి ఇవ్వడం పని. పొద్దున ఏడింటి నుంచి కుర్చీలో కూర్చుని అందరినీ లోపలికి పంపేదాన్ని. నేను మాత్రం ఆ గేటు దాటి పైకి వెళ్ళింది కింద బాత్‌రూములో నీళ్ళు రానప్పుడే. ఒకరోజు మిలిటరీ యూనిఫాంలో ఒకావిడ వచ్చింది. పైన ఎవరితోనో పనట. బ్యాడ్జి తీసుకుంది, మంచినీళ్ళు అడిగింది, తాగి థాంక్స్ చెప్పి లిఫ్టు వైపు నడిచింది. అంతే. మా సెక్యూరిటీ వాళ్ళు ఎవరూ చెప్పకుండానే నిటారుగా నిలబడ్డారు. నా కళ్ళు మాత్రం ఆవిడ నడక మీదే ఉండిపోయాయి. తనకి దారి ఉంటుందో లేదో అన్న అనుమానం ఆ నడకలో లేదు. ఆర్మీ ఎందుకని ఇప్పటికీ అందరూ అడుగుతారు. దేశం, సేవ అని చెబితే వినేవాళ్ళకి బాగుంటుంది. నిజం చెప్పాలంటే నాకు ముందు కావలసింది ఆ నడకే. మిగతావన్నీ తర్వాత వచ్చి చేరాయి.

ఆర్మీ పోలీసు విభాగంలో ఆడపిల్లల్నీ తీసుకుంటారని తెలిశాక నాన్నకి చెప్పాను. నాన్నది మెదక్ వైపు. ఐటీ వాళ్ళని ఆఫీసులకి తిప్పే క్యాబ్ నడుపుతాడు. విని కాసేపు స్టీరింగ్ మీద వేళ్ళతో కొట్టి, "ఉరుకుడు వస్తదా నీకు?" అన్నాడు. మర్నాడు తెల్లారకముందే లేపి స్టేషను అవతలి స్కూలు గ్రౌండుకి తీసుకుపోయాడు. ఒక రౌండు పూర్తయ్యేసరికి నా పని అయిపోయింది. నాన్న కారుకి ఆనుకుని, "ఏంది బిడ్డా, ఉరుకుతున్నవా, పెండ్లికి నడిచిపోతున్నవా?" అని నవ్వాడు. అప్పటి నుంచీ బాచుపల్లిలో మొదటి పికప్‌కి వెళ్ళేముందు నన్ను గ్రౌండులో దింపేవాడు. ఎత్తు దూకడానికి రెండు కర్రల మధ్య మా అమ్మ పాత చున్నీ కట్టాడు. లాంగ్‌జంప్‌కి ఇసుక గుంట ఎక్కడ దొరుకుతుంది? మా వైపు లేచే అపార్ట్‌మెంట్ల ముందు ఇసుక కుప్పలకి మాత్రం లోటు లేదు. వాచ్‌మన్ని బతిమాలి కుప్ప అంచుని చదును చేసుకుని దూకేదాన్ని. ఆఫీసుకి వెళ్ళాక కూడా సాక్సుల్లోంచి ఇసుక రాలేది.

అమ్మకి మాత్రం నోరు తెరిచి చెప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది. అప్పటిదాకా పొద్దుటి పరుగులు ఆరోగ్యం కోసమేనని నమ్మించాం. ఆవిడది గుంటూరు వైపు. కూకట్‌పల్లిలో ఒక ప్రైవేటు హాస్పిటల్లో నర్సు. నేను చెప్పగానే అరవలేదు, ఏడవలేదు. దగ్గరకొచ్చి నా కింది కనురెప్ప కిందకి లాగి చూసింది.

"సున్నంలా ఉంది చూడు. ఒంట్లో రక్తం చుక్క లేదు గానీ ఆర్మీ అంట, ఆర్మీ!"

మర్నాడు హాస్పిటల్ ల్యాబులో పరీక్ష కూడా చేయించింది. రక్తం ఉండాల్సిన దానికంటే బాగా తక్కువుంది. ఆ కాగితం ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అతికించింది, గెలిచినట్టు. ఆ శుక్రవారమే వెళ్ళి నా మీద ప్రార్థన పెట్టించింది.

అమ్మని కాదని వెళ్ళలేనా? వెళ్ళగలను. వయసు దాటిపోకముందే అప్లై చేయాలి, అంతే, అమ్మ సంతకం ఎవరూ అడగరు. కానీ మా ఇంట్లో ఎవరు ఎక్కడికి బయల్దేరినా అమ్మ తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేస్తేనే గుమ్మం దాటతాం. పదో తరగతి పరీక్షకీ అంతే, మొదటి రోజు ఉద్యోగానికీ అంతే. ఆ చెయ్యి లేకుండా ఎలా వెళ్ళాలో నాకు తెలియదు. వద్దని ప్రార్థించే చేత్తో వెళ్ళిరమ్మని ఎలా ప్రార్థిస్తుంది? నాకు కావలసింది ఆ ఒక్క చెయ్యి.

చిత్రమేమిటంటే, నోటితో వద్దని అడిగే మనిషి చేత్తో వేరే పని చేస్తూ వచ్చింది. నా టిఫిన్ డబ్బాలో మునగాకు పప్పు కనబడటం మొదలైంది. సాయంత్రం పల్లీలూ బెల్లమూ దంచి ఉండలు చేసి పెట్టేది. ఆదివారం చర్చి నుంచి వస్తూ నాన్న మేక కార్జం తెస్తే, మిరియాలు వేసి వేయించి ముక్కలన్నీ నా పళ్ళెంలోకే తోసేది. "ఆర్మీకి కాదు, మనిషిలా బతకడానికి" అనేది, నేను అడక్కపోయినా.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. దారిలో కనబడిన ప్రతి ఆంటీ "ఇంకా పరిగెడుతున్నావా తల్లీ?" అని జాలిగా చూస్తుంటే ఎంతకని ఓర్చుకుంటాను? ఒక శుక్రవారం డ్యూటీ నుంచి త్వరగా వచ్చి, ముసుగేసుకుని, తిన్నగా వెళ్ళి చాప మీద కూర్చున్నాను. అమ్మ ఉలిక్కిపడింది. అంశాలు చెప్పమని పాస్టరు గారి భార్య, మా పాస్టరమ్మ గారు, అడగగానే లేచాను.

"నేను ఆర్మీకి సెలెక్ట్ అవ్వాలని ప్రార్థించండి" అన్నాను.

ముసుగులన్నీ నా వైపు తిరిగాయి. ఒకే ఇంటి నుంచి రెండు అంశాలు, ఒకదానికొకటి ఎదురు! మంచి మనిషి పాస్టరమ్మ గారు. కాసేపు ఇబ్బంది పడి, చివరికి "ప్రభువా, నీ చిత్తమే జరిగించు" అని రెండిటినీ ఒక్క మాటలో కట్టేశారు. నా పక్కన కూర్చున్న ఆంటీ మాత్రం ఒక కన్ను తెరిచి నన్ను, ఇంకో కన్ను తెరిచి మా అమ్మని చూస్తూ పెదాలు ఆడించింది. ఎవరి వైపు అడిగిందో ఆవిడకీ దేవుడికీ తెలియాలి. పైనున్నవాడు తల్లి మాట వినాలా, పిల్ల మాట వినాలా అని ఇంటికొచ్చే దారంతా ఆలోచించాను. ఆవిడ ఎన్నో ఏళ్ళుగా ఉపవాసం ఉంటోంది. నేను చాపలు పరిచిందే తప్ప ఒక్కపూట కడుపు మాడ్చుకున్నది లేదు. ఆవిడ మాటకే బరువెక్కువ అనిపించింది.

అందుకే మరుసటి శుక్రవారం నేనూ ఉపవాసం ఉన్నాను. ఎవరికీ చెప్పలేదు. ముందురోజు రాత్రి కూడా సరిగా తినలేదు. మధ్యాహ్నం డ్యూటీ దిగి, సరిగ్గా వాళ్ళు ప్రార్థనలో ఉండే వేళకి గ్రౌండుకి వెళ్ళాను. రెండు ట్రిప్పుల మధ్య ఖాళీ దొరికి నాన్న కూడా వచ్చాడు. మొదటి రౌండు బాగానే తిరిగాను. తర్వాత గ్రౌండు అంచున ఉన్న గోడ నా వైపు వంగినట్టనిపించింది. కళ్ళు తెరిచేసరికి మట్టిలో ఉన్నాను, నాన్న ఫోనులో అరుస్తున్నాడు: "పడిపోయిందే! జర జల్ది రా! నాకు ఫికరైతుంది!"

అమ్మ ఆటోలో వచ్చింది, తల మీద ముసుగు తియ్యకుండానే. వెంట పాస్టరమ్మ గారూ, ఇంకో ఇద్దరూ. పాస్టరమ్మ గారు నా తల మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకోబోతుంటే అమ్మ ఆపింది.

"అక్కా, ఒక్క నిమిషం ఆగండి. ముందు దీన్ని నీళ్ళు తాగనివ్వండి."

నాడి చూసింది, కనురెప్ప లాగి చూసింది. ఎవరి బ్యాగులోంచో తీసిన బెల్లం ముక్క నోట్లో పెట్టింది. "పొద్దున ఏం తిన్నావే?"

"ఏమీ తినలేదు."

"ఎందుకు తినలేదు?"

"నువ్వు ఉపవాసం ఉండి వద్దని అడుగుతున్నావు కదా! నేను తిని అడిగితే నా మాట ఎవరు వింటారు?"

అమ్మ నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. అక్కడే మట్టిలో చతికిలబడి ముసుగు అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న, "ఇగ ఊకో, మంచిగనే ఉంది కదా" అని ఆవిడ వీపు నిమిరాడు. ఆంటీలు పక్కకి తిరిగి నిలబడ్డారు.

ఇంటికొచ్చాక నాకు పాలు కలుపుతూ, నా వైపు చూడకుండా అంది: "క్యాజువాలిటీలో రోజూ పరాయి పిల్లల్ని చూస్తానే. దెబ్బలతో వస్తారు. కట్లు కడతాను, వాళ్ళమ్మలకి ఫోన్ చేస్తాను. ఆ ఫోన్ ఏదో ఒకరోజు నాకొస్తే? నీకు కట్టు కట్టేది ఎవరో కూడా నాకు తెలియదు. నాకు భయం. అంతే. నీ మనసులో తప్పేం లేదు."

"నాక్కూడా భయమే" అన్నాను. అది నిజం. అంతకుముందు ఎవరితోనూ అనలేదు.

ఆ తర్వాతి శుక్రవారం ప్రార్థన మా ఇంట్లోనే. చాపలు నేనే పరిచాను. అందరూ ముసుగులు సర్దుకుని కూర్చున్నాక అమ్మ వంటింట్లోంచి పళ్ళెం తెచ్చి గది మధ్యలో నా ముందు పెట్టింది. వేడి అన్నం, మునగాకు పప్పు, రెండు గుడ్లు. పొద్దుటి నుంచీ పస్తులున్న అంతమంది ఆడవాళ్ళ ముందు! సిగ్గుతో చచ్చిపోయాను.

పాస్టరమ్మ గారు అంశాలు అడిగారు. అమ్మే ముందు లేచింది.

"మా అమ్మాయి మనసు మార్చమని చెప్పాను కదండీ. అది తీసెయ్యండి."

"మరి ఏం అడగమంటావమ్మా?"

"దాని ఒంట్లో రక్తం పట్టాలని అడగండి. కాళ్ళకి బలం రావాలని. నాకు ధైర్యం రావాలని కూడా." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "దాని వంతు ఉపవాసం కూడా నేనే ఉంటానండి. అది తినాలి."

ఆడవాళ్ళందరి గొంతులూ ఒక్కసారిగా లేచాయి. ఈసారి ఎవరూ ఒక కన్ను తెరిచి చూడలేదు. అమ్మ వచ్చి నా వెనక మోకాళ్ళ మీద కూర్చుని నా తల మీద చెయ్యి వేసింది. ముద్ద కలిపి చేత్తో పట్టుకునే ఉన్నాను. కన్నీళ్ళు పప్పులో పడుతున్నాయి. అంత ప్రార్థన మధ్యలో అమ్మ నా చెవి దగ్గరికి వంగింది.

"ఏంటే అలా కూర్చున్నావు? గుడ్లు తిను. సాయంత్రం ఐదింటికి గ్రౌండుకి వెళ్ళాలి కదా."