రెండు ఎర్ర కుట్లు

రాజధాని మురికంతా వంతెన దాటి ఈ పేటకే వచ్చేది. ఏరు పక్కనే ఉండటంతో ఒక్క వీధిలోనే పద్నాలుగు లాండ్రీలు వెలిశాయి. ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్లు. ఏ లాండ్రీకి వచ్చిన బట్టలనైనా కాలరు లోపలి దారపు కుట్టును బట్టే గుర్తుపట్టేవారు. తెల్లచొక్కాలన్నీ ఒకేలా ఉంటాయి కదా మరి.

తొమ్మిదో నంబరు ఇంట్లో ఇద్దరు తోడికోడళ్ళు. అత్తగారు పోయేముందు ఇంటిని పంచినట్టే గిరాకీలనూ పంచింది. పెద్దకోడలికి అవతలి ఒడ్డు జడ్జిగారి ఇల్లు, చిన్నకోడలికి ట్రాము షెడ్డు కార్మికుల బట్టలు. పెద్దామె గుర్తు రెండు ఎర్ర కుట్లు, చిన్నామెది మూడు నీలం.

ఇరవై రెండేళ్ళుగా చిన్నకోడలు గ్రీజు మరకలతో కుస్తీ పడుతోంది. పెద్దామె మాత్రం ప్రతి సోమవారం ఇస్త్రీ మూటతో వంతెన దాటి వెళ్ళి, తిరిగొచ్చి గోడమీద నుంచి ఊరిస్తుంది.

"జడ్జిగారి భార్య కుర్చీ వేసి మరీ కూర్చోబెట్టిందే!"

"పడిపోతావనేమోలే అక్కా."

ఇస్త్రీలో చిన్నామెదే పైచేయి అని వీధంతా ఒప్పుకునేది. ఒప్పుకుని ఏం లాభం? షెడ్డులో కాలరు మడత ఎవడు చూస్తాడు?

ఒకసారి మూటలు తెచ్చే బండివాడు పొరపాటున జడ్జిగారి మూట చిన్నకోడలి గుమ్మంలో పడేశాడు. విప్పితే మూడు తెల్లచొక్కాలు, రెండేసి ఎర్ర కుట్లు. ఆమె తలుపు గడియ పెట్టింది. చొక్కాలు ఉతికి, ఎర్రదారం ఊడదీసి తన గుర్తు నీలం కుట్టింది. గంజి రెండుసార్లు వడగట్టింది. కాలరు అట్టముక్కలా నిలబడేలా ఇస్త్రీ చేసింది. తన పనితనం ఒక్కసారి చూస్తే ఆ గిరాకీ తనదే అవుతుందని ఆమె ధీమా. శనివారమే తనే వంతెన దాటింది.

జడ్జిగారి భార్య కాలరు తిప్పి చూసింది.

"ఇవి మావి కావమ్మాయ్. మావాటికి రెండు ఎర్ర కుట్లుంటాయి."

"మీవేనమ్మగారూ, ఒక్కసారి ఇస్త్రీ చూడండి..."

"ఇస్త్రీ బాగుంటే మావైపోతాయా? మీ పేటలో గుడ్డలు కలిపేస్తారని తెలిసిందేగా. సోమవారానికి మావి రాకపోతే మాకు ఉతికే ఆమెని ఇక రావద్దని చెప్పు."

కుట్లు మార్చానంటే దొంగతనం. మూట మళ్ళీ కట్టుకుని తిరిగొచ్చింది.

ఇంటి దగ్గర పెద్దకోడలు బండివాడి మీద శివాలెత్తుతోంది. "మూడు చొక్కాలు గాల్లో కలిశాయా? ఆ గిరాకీ పోతే నా పొయ్యి నీ నెత్తిన వెలిగిస్తా!"

చొక్కాలు దాచేస్తే అక్క గిరాకీ పోయినట్టే. ఆ ఆలోచన చిన్నకోడలిని పూట సేపు వదల్లేదు. కానీ పోయిన గిరాకీ తనకు మాత్రం వస్తుందా? రెండిళ్ళ అవతలి లాండ్రీవాడు ఎగరేసుకుపోతాడు. నీలం ఊడదీసి మళ్ళీ ఎర్ర కుట్లు వేసింది. మళ్ళీ ఇస్త్రీ చేసి తీసుకెళ్ళింది.

"నీ మూట మా గుమ్మంలో పడిందక్కా. ఉతికేశాలే."

పెద్దామె చొక్కాలను ఎగాదిగా చూసి, "ఫరవాలేదు" అంది.

సోమవారం ఆమె వీధి మొదట్నుంచే కేకలేస్తూ వచ్చింది.

"ఇరవై రెండేళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ చేయలేదందే జడ్జిగారి భార్య! ఆవిడ చెల్లెలిగారి బట్టలు కూడా నాకే ఇస్తుందట!"

"నేను ఉతికానని చెప్పావా?"

"అడగందే ఎలా చెప్తాను? అయినా నన్ను చూసేగా నేర్చుకున్నావు. రేపు రా, గంజి ఇంకా బాగా కలపడం నేర్పుతా."

కాదని తగువు పెట్టుకుంటే మాట జడ్జిగారింటికి చేరి, శనివారం వంతెన ఎందుకు దాటావనే దాకా వస్తుంది. మర్నాడు చిన్నకోడలు వెళ్ళింది. పెద్దామె గంజి కలుపుతూ పాఠం చెబుతుంటే, గంటసేపు తలూపుతూ నిలబడింది.