వీధి మొత్తానికీ ఒకే మెయిలు

మొన్న కంటి ఆపరేషన్ అయ్యాక హన్మకొండలో డాక్టరు గారు నన్ను అక్షరాల పలక ముందు కూర్చోబెట్టి, అక్షరం ఒక్కటిగా కనిపిస్తోందా, పక్కన నీడ కూడా ఉందా అని అడిగారు. నాకు నవ్వొచ్చింది. సరిగ్గా ఇదే ప్రశ్న ఇరవై ఏళ్ళ కిందట మా ఇంటి కంప్యూటరు ముందు కూర్చుని నాకు నేనే ఎన్నిసార్లు వేసుకున్నానో నా ఈడు వాళ్ళకు తప్ప అర్థం కాదు.

అప్పుడు నేను కరెంటాఫీసులో గుమాస్తాను. వీధిలో మొదటి కంప్యూటరు మాదే. వెనక పెద్ద బొజ్జ ఉన్న మానిటరు, దాని ముఖానికి తగిలించిన నల్ల అద్దం, పైన మా ఆవిడ కుట్టిన పూల గలేబు. ఫోను తీగ దానికి తగిలిస్తే గరగరా కీచుమని అరిచి అరిచి చివరికి నెట్టు కలిసేది, కలిసినంతసేపూ ఇంటికి ఫోను రాదు. అంతకు ముందు మా ఫోను నంబరును వీధి వాళ్ళంతా తమను పిలిపించే పీపీ నంబరుగా రాసుకునేవాళ్ళు, అదే అలవాటున మా మెయిలు కూడా అందరిదీ అయిపోయింది. ఎవరి దరఖాస్తులో చూసినా మా అడ్రసే. ఎవరికి ఏది వచ్చినా నేను చూసి, గోడ మీదుగా కేకేసి చెప్పేవాణ్ణి, ఆ పెత్తనం నాకు బాగానే ఉండేది.

ఉన్నట్టుండి తెర మీద అక్షరాలు మసకబారాయి. మసకంటే ఉత్త మసక కాదు, ప్రతి అక్షరానికీ పక్కన ఒక నీడ, ఆ నీడకు సన్నని వణుకు. కళ్ళజోడు తుడిచే గుడ్డతో తుడిచాను. నల్ల అద్దం ఊడదీసి సబ్బుతో కడిగి ఎండలో ఆరబెట్టాను. వెలుగు తగ్గించాను, పెంచాను. చివరికి తప్పు నా కళ్ళదేనని నమ్మి కొత్త కళ్ళజోడు చేయించుకుంటే, దానితో తెర తప్ప లోకమంతా స్పష్టంగా కనిపించింది. దుకాణం నుంచి వచ్చిన మెకానిక్ తలాడించి, పిక్చర్ ట్యూబు పోయింది, కొత్త మానిటరు కొనుక్కోమని వెళ్ళిపోయాడు. కానీ ఎడమవైపు అక్షరాలు ఎక్కువగా, కుడివైపువి తక్కువగా వణకడం చూసి, ట్యూబు పోతే ఒక పక్కే ఎందుకు పోతుందని నాకు ఒకటే కుతూహలం. ఆఫీసులో ఫైళ్ళ ముందు కూర్చున్నా ఆ వణుకే ఆలోచన.

ఇంతలో ఎదురింటి చాచా కూతురి సంగతి మొదలైంది. చాచా ములుగు రూట్లో జీపు నడిపేవాడు, నడుము పట్టేసి మంచం మీద ఉన్నాడు. ఆ అమ్మాయి నర్సు చదువు ముగించి ఒక చిన్న దవాఖానాలో చేస్తూ, హైదరాబాదులో పెద్ద ఆసుపత్రికి ఇంటర్వ్యూ ఇచ్చి వచ్చింది. కబురు మెయిల్లో పంపుతామన్నారు, దానికి జవాబు పంపకపోతే ఉద్యోగం మరొకరికి పోతుంది. రోజూ డ్యూటీ నుంచి వస్తూ మా గుమ్మం దగ్గర చెప్పులు కూడా విడవకుండా "వచ్చిందా కాకా?" అని అడిగేది. ఆమెదే కాదు, విచిత్రంగా ఎవరికీ ఏమీ రావడం లేదు. రాలేదమ్మా అని చెప్పినప్పుడల్లా "జర మళ్ళ చూడరాదుండ్రి" అనేది, నేను మళ్ళీ ఫోను తీగ తగిలించేవాణ్ణి.

ఒక సాయంత్రం ఆ పిల్ల ఆకలి మీద ఉందని మా ఆవిడ సర్వపిండి పళ్ళెం తెచ్చి, బల్ల మీద జాగా లేక, మానిటరును ఎడమవైపు ఆనుకుని ఉన్న, ఆ మధ్యే కొన్న స్టెబిలైజరును ఎత్తి కింద పీట మీద పెట్టింది. అంతే, తెర మీద వణుకు టక్కున ఆగి అక్షరాలు కడిగినట్టు నిలబడ్డాయి! నేను దాన్ని మళ్ళీ పైకెత్తి పెట్టాను, వణికాయి, దించాను, నిలబడ్డాయి. లోపలి తీగచుట్ట అయస్కాంతంలా తెరను లాగుతోందన్న మాట. చిన్నపిల్లాడిలా ఎత్తుతూ దించుతూ ఉంటే మా ఆవిడ "కరెంటాఫీసుల కొలువు చేస్తరు, గీ డబ్బ సంగతి తెల్వదా?" అని ఎత్తిపొడిచింది.

ఆ ఆనందంలో ఉండగానే, ఇన్నాళ్ళూ ఏదో ప్రకటన అనుకున్న పైనున్న ఎర్ర గీత, గీత కాదు, సన్నక్షరాల వాక్యమని కనిపించింది. మీ పెట్టె నిండింది, కొత్త మెయిళ్ళు తిరిగి పోతున్నాయని అందులో ఉంది. ఆ అమ్మాయి చేతిలో ముక్క చేతిలోనే ఉండిపోయింది.

పాత మెయిళ్ళు తీసేయడం క్షణం పని. కానీ మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "వాళ్ళ సామాన్లు మనింట్ల పెట్టుకుంటే అడగకుంట పారేస్తమా?" అంది. నిజమే, అవి నావి కావుగా. వీధి వాళ్ళను పిలిచాను. హిందీ మాస్టారు తన శిష్యులు పంపిన గులాబీ బొమ్మలన్నీ నవ్వుతూ వదులుకున్నారు. ఎక్కువ చోటు ఆక్రమించినవి మాత్రం బట్టలు కుట్టే, వీధంతా వదిన అని పిలిచే ఆవిడవి. మస్కట్‌లో ఉన్న తమ్ముడు పంపిన ఫోటోలు, అతను వెళ్ళాక ఆమె అతణ్ణి చూసుకున్నది ఆ తెర మీదే. ఫ్లాపీలోకి ఒకటి రెండుకు మించి ఎక్కలేదు. ఆమె కుర్చీ తెర దగ్గరికి జరుపుకుంది. తర్వాత "పిల్ల కొలువు ముఖ్యం అన్నా. ఒక్కొక్కటి ఒకపాలి చూపెట్టి తీసెయ్" అంది. మసక వదిలిన తెర మీద తమ్ముడి ముఖం మొదటిసారి అంత తేటగా చూసి, చిక్కిపోయాడని కళ్ళు తుడుచుకుంటూ ఒక్కొక్కదానికీ తలూపింది. నేను మీట నొక్కాను. చాచా కూతురు ఆమె భుజం పట్టుకుని నిలబడింది.

ఆసుపత్రికి ఆ అమ్మాయే మెయిలు రాసింది. తాము రెండుసార్లు పంపితే వెనక్కి వచ్చిందనీ, వెంటనే వచ్చి చేరమనీ మర్నాడు జవాబు వచ్చింది. వీధంతా చాచా ఇంట్లో చేసిన షీర్ ఖుర్మా పాయసం తిన్నాం.

ఆ అమ్మాయి హైదరాబాదు వెళ్ళే ముందు, ఇక ఎవరి కబురూ ఇలా ఆగకూడదని ఆమెకు సొంత మెయిలు నేనే తెరిచి ఇచ్చాను. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు నేను ముఖం పక్కకు తిప్పుకుంటే, "చూస్తే ఏమైతది కాకా, మీరు పరాయోళ్ళా?" అంది. అయినా తిరగలేదు, పద్ధతి అదేనని నేనే నేర్పాను. తర్వాత మాస్టారు, వదిన, ఒక్కొక్కరూ వచ్చి తమది తాము తెరిపించుకుని వెళ్ళారు, ప్రతిసారీ నేను గోడ వైపే చూశాను. మంచికే చేశాను, కాదనను. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, ఎవరి కబురు వాళ్ళకు క్షణంలో అందుతుంది. మొన్న వదిన తమ్ముడు మస్కట్ నుంచి వచ్చి పది రోజులుండి వెళ్ళాడట. ఆ సంగతి నాకు అతను వెళ్ళిపోయాక తెలిసింది.