ఖాళీ అని రాసిన ఫ్యూజు

పాయింట్ కుక్‌లో మా ఇంట్లో ఇత్తడి కుందులు తోమాక ఎన్నిసార్లు చేతులు కడుక్కున్నా ఆ వాసన వేళ్లను వదలదు. దాంతోపాటే ఖలీల్ అంకుల్ గుర్తొస్తారు. హైదరాబాదులో లేత్ మెషీన్ల మధ్య పెరిగి, ఈ దేశానికి వలస వచ్చి ఇంజనీరుగా రిటైరై, నేను పనిచేసే చిన్న యుద్ధ మ్యూజియానికి వారానికి రెండు రోజులు జీతం లేకుండా వచ్చేవారు. ఫిరంగి గుండును పేల్చడానికి దాని ముక్కుకు బిగించే పాత జర్మన్ ఇత్తడి ఫ్యూజులు ఏ రకానివో గుర్తుపట్టడం ఆయన పని. దేన్నీ, ఎవరినీ నమ్మేవారు కాదు. నేను కలిపిన టీని కూడా వాసన చూసి గానీ తాగేవారు కాదు.

"మెరిసే ఇత్తడిని అసలే నమ్మకు బేటా. మెరిసిందంటే ఎవడో తోమిండు. తోమితే అక్షరాలు పోతయ్," అనేవారు. ఫ్యూజు అంచు మీద చెక్కిన అక్షరాలు, అంకెలు భూతద్దంతో చదివాకే దానికి మేం రాసిన వివరాల చీటీ చూసేవారు. నాకు అదంతా చాదస్తంగా తోచేది.

ఒక శుక్రవారం ఉదయం స్కూలు పిల్లలు రావాలి. వాళ్లు చేత్తో పట్టుకుని చూడటానికని బల్ల మీద ఒక ఫ్యూజు, పక్కన దాని లోపల మందు లేదని తెలిపే 'ఖాళీ' అన్న కార్డు పెట్టాను. అరగంట తర్వాత చూస్తే ఆ గదికి తాళం. తలుపు ముందు కుర్చీ వేసుకుని అంకుల్ కూర్చున్నారు. నిజం చెప్పాలంటే నాకు ఆయన మీదే అనుమానం వచ్చింది. లోపల ఏదో పగలగొట్టి దాస్తున్నారనుకున్నాను.

"తలుపు తీయండి అంకుల్, బస్ టెన్ మినిట్స్‌లో వచ్చేస్తుంది."

"తియ్య. కార్డు మీద ఖాళీ అని ఎవరు రాసిన్రు?"

"నేనే. పాత రిజిస్టర్‌లో అలాగే ఉంది."

"దాన్ని చూసి రాసినవా, రిజిస్టర్ చదివి రాసినవా?"

నేను రిజిస్టర్ తెచ్చి ఆ పేజీ తీసి చూపించాను.

"రిజిస్టర్ల ఉన్న అక్షరాలు వేరే, ఫ్యూజు మీదియి వేరే. ఎప్పుడో ఎవరో అటుదిటు పెట్టిన్రు. నేను ముట్టలే, నువ్వూ ముట్టకు. ఆర్మీ వాళ్లకు కాల్ చెయ్."

మేనేజర్ చిరాకుపడుతూనే ఫోన్ చేసి, బస్సును వెనక్కి పంపించారు. సైనికులు వచ్చి ఎక్స్‌రే తీశారు. లోపల పేలుడు మందు అలాగే ఉంది. ఆ పిల్లలు చేత్తో పట్టుకోవాల్సింది దాన్నే.

సోమవారం ఆ కార్డు చించబోతుంటే అంకుల్ ఆపారు.

"చింపకు. పక్కకు రాయి, చూడకుండ రాసిన అని. సంతకం పెట్టు."

సిగ్గుతో ఏడుస్తూ రాశాను. కోపం కూడా వచ్చింది. చాలా రోజులు ఆయనతో సరిగా మాట్లాడలేదు.

ఆయన పోయి మూడేళ్లయింది. కొత్తగా చేరినవాళ్లకు నేను మొదట చూపించేది ఆ కార్డే. చదివి నా వంక అనుమానంగా చూస్తారు. మొన్న చేరిన అమ్మాయికి ఒక ఫ్యూజు, దానికి నేను రాసిన చీటీ ఇస్తే, చీటీని పక్కన పెట్టి భూతద్దం అడిగింది. సొరుగులోంచి ఆయనదే తీసి ఇచ్చాను.