ఎడమ మూలలో కామెంటేటర్

మా ఏజెన్సీ నెలవారీ వార్తాలేఖలో నా పేరు ఒకే ఒక్కసారి వచ్చింది. ఆ వార్త రాసింది ఎవరో కాదు, నేనే. జరగబోయేదాన్ని జరిగిపోయినట్టు ముందే రాసిపెట్టుకున్నాను. తీరా జరిగింది వేరు. ఆ రెంటికీ మధ్య ఉన్న దూరం తలుచుకుంటే ఇప్పటికీ దుప్పటి ముసుగు తన్ని పడుకోవాలనిపిస్తుంది. ఇన్నాళ్ళూ నా వెనక నవ్వినవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి, మీరు నా ఎదురుగానే నవ్వండి. పటాన్‌చెరు చుట్టుపక్కల కబడ్డీ ఆడినవాళ్ళెవరూ చేయని, చూసినవాళ్ళెవరూ మరచిపోని ఘనకార్యం ఒకటి చెబుతాను.

ముందు మా ఏజెన్సీ ఏం చేస్తుందో చెప్పాలి. ఆటల్లో పేరు తెచ్చుకున్న అమ్మాయిలకు ప్రకటనలూ టీవీ కార్యక్రమాలూ కుదిర్చిపెడుతుంది. ఆడ యాంకర్లనూ కామెంటేటర్లనూ ఛానెళ్ళకు పంపుతుంది. ఎవరికి ఏ అవకాశం వచ్చిందో నెలకోసారి వార్తాలేఖ తయారుచేసి కంపెనీలకూ ఛానెళ్ళకూ మెయిల్ చేస్తుంది. దాన్ని తెలుగులో రాసేది నేను. హాకీ అమ్మాయి బూట్ల ప్రకటనలో నవ్విందని, బరువులెత్తే అమ్మాయి టీవీలో ఉప్మా చేసిందని రాసేదాన్ని. ఆ ఉప్మాలో ఉండలు కట్టాయని మాత్రం రాసేదాన్ని కాదు. పెళ్ళి శుభలేఖ మీద ప్రెస్సువాళ్ళ పేరైనా అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. నా పేరు అలాగైనా ఉండేది కాదు.

పేరు సంగతి అటుంచండి, అసలు బాధ వేరు. నేనూ ఆడినదాన్నే. చిట్కుల్ బడిలో మొదలుపెట్టి సంగారెడ్డి కాలేజీ దాకా మా కబడ్డీ జట్టుకు లెఫ్ట్ కార్నర్‌ని. కోర్టు ఎడమ మూలలో నిలబడి, కూతకు వచ్చిన అమ్మాయి చీలమండ ఒడిసిపట్టుకోవడం నా పని. నేను కాలు పట్టుకోగానే మా కెప్టెన్ మణెమ్మ మీదపడి నడుము పట్టేసేది. "సునీ, కాలు!" అని ఆమె అరిస్తే నేను దూకేదాన్ని. ఆటలో మా ఇద్దరి మధ్యా ఆ రెండు మాటలు తప్ప వేరే భాష లేదు.

డిగ్రీ అయ్యాక ఆట ఆగిపోయింది. ఎవరూ ఆపలేదు. ఎవరితోనైనా గొడవపడి మానేసి ఉంటే చెప్పుకోవడానికైనా బాగుండేది. మణెమ్మ ఇస్నాపూర్ దగ్గర మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి చేరింది, నేను హైదరాబాద్ బస్సెక్కాను, అంతే. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఏసీ గదిలో కూర్చుని పక్కవాళ్ళ ఆట గురించి రాశాను. అలా రాస్తూ ఉంటే ఉన్నట్టుండి ఒక్కోసారి మోచేతులకు అంటిన మట్టి గుర్తొచ్చి కళ్ళనిండా నీళ్ళు తిరిగేవి. ఆఫీసులో అందరూ నాకు తీరని జలుబు అనుకునేవారు. ఒకావిడ కషాయం కూడా తెచ్చిచ్చింది.

ఇలా ఉండగా ఒక లోకల్ ఛానెల్ నుంచి పిలుపొచ్చింది. పటాన్‌చెరులో ఫ్యాక్టరీ మహిళల కబడ్డీ ఫైనల్ లైవ్ ఇస్తున్నారట, ఇక్కడి భాషలో కామెంటరీ చెప్పే అమ్మాయి కావాలట. మేం పంపాల్సిన అమ్మాయికి సరిగ్గా అప్పుడే గొంతు పోయింది. నేను శైలజ మేడం గదిలోకి వెళ్ళాను. ఏజెన్సీ ఆవిడదే. వాళ్ళ నాన్నగారు గుడివాడ వైపు నుంచి పటాన్‌చెరు దగ్గరి ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి క్వార్టర్స్‌లో స్థిరపడ్డారు. మేడం పుట్టింది ఇక్కడే అయినా మాట మాత్రం గుడివాడ దాటి రాలేదు.

"మేడం, నేను పోతా," అన్నాను.

"నువ్వా? నువ్వు రాస్తావు గానీ మాట్లాడతావా?"

"ఆట మంచిగ తెల్సు మేడం. ఆడిన."

"అదేనమ్మా నా భయం. ఆడినవాళ్ళు ఊరికే కూర్చోలేరు. ఒక్క ముక్క గుర్తుపెట్టుకో. జరిగింది చెప్పు, జరగాల్సింది చెప్పకు. సరిగ్గా చేశావంటే ఇకనుంచి మన కామెంటేటర్లలో నువ్వూ ఒకదానివి. ప్రతి టోర్నమెంటుకీ పంపిస్తాను. తేడా చేశావో, మళ్ళీ ఆ కుర్చీయే."

ప్రతి టోర్నమెంటుకీ! అంటే మళ్ళీ గ్రౌండు, మళ్ళీ విజిల్, మళ్ళీ ఆ మట్టి. ఆడకపోయినా సరే, గీత పక్కన కూర్చోవడానికి నాకు దొరికిన ఒకే ఒక్క దారి అది. ఆ మాట విన్నాక నా కాళ్ళు నేల మీద ఆగలేదు. ఆ తొందరలోనే మొదటి తప్పు చేశాను.

ఆ నెల వార్తాలేఖ ఆదివారం సాయంత్రం దానంతట అదే మెయిల్‌లో వెళ్ళిపోయేలా పెట్టి ఉంది. ఫైనల్ కూడా ఆదివారమే. మ్యాచ్ అయ్యాక రాయడానికి టైం ఉండదు కదా అని శనివారమే నా గురించి నేనే రాసేశాను. 'మైకు ముందు కొత్త గొంతు' అని శీర్షిక. 'ఆటకు ఎక్కడా అడ్డు రాకుండా, ఒక్కసారి కూడా హద్దు దాటకుండా, ప్రేక్షకులను కట్టిపడేసిన సునీత' అని వార్త. ప్రపంచంలో అన్ని మాటలుండగా ఆ 'హద్దు' అనే మాటే నా వేళ్ళకు ఎందుకు తగిలిందో ఆ దేవుడికే తెలియాలి.

ఆదివారం గ్రౌండుకు వెళ్ళాక తెలిసింది, ఫైనల్ మందుల కంపెనీకీ పైపుల కంపెనీకీ అని. మందుల కంపెనీ జట్టు ముందు నిలబడి నడుము బిగించుకుంటున్నది మా మణెమ్మ! కొంచెం లావైంది, మోకాలికి పట్టీ వేసింది, కేక మాత్రం అదే.

"ఏందే, మైకు పట్టుకొని దొరసాని లెక్క కూసున్నవ్!"

"నువ్వింక ఆడుతున్నవా మణెమ్మా?"

"ఇయ్యాల్టి దాంక. మోకాలు మాట ఇంటలేదు. షిఫ్ట్ దిగి ప్రాక్టీస్ అంటే పానం మీదికొస్తున్నది. గీ ఫైనల్ గెల్సి ఇడ్సిపెడ్త. నువ్వొస్తవని తెల్వదు, మంచిగైంది."

ఆమె పక్కన, ఎడమ మూలలో, బీహార్ నుంచి వచ్చిన పూజ అనే సన్నటి అమ్మాయి నిలబడింది. నా చోట్లో. పాపం ఆ పిల్ల నాకేం అపకారం చేసింది? అయినా నా పుట్టింట్లో నా మంచం మీద ఎవరో పడుకున్నట్టు అనిపించింది.

ఎండ మండిపోతోందని కామెంటరీ బల్లను టెంటు నీడలోకి లాగారు. ఆ నీడ సరిగ్గా రెండో సగంలో మందుల కంపెనీ ఆడబోయే కోర్టు వెనక గీతను, ఎడమ మూల దగ్గర, ఆనుకుని ఉంది. నా పక్కన రవూఫ్ సార్ కూర్చున్నారు. రిటైరైన పీటీ సార్, ఆ చుట్టుపక్కల పదిమంది ఆడినా ఆయన కామెంటరీ ఉండాల్సిందే. మా గొంతులు లైవ్‌లోకే కాదు, గ్రౌండు నాలుగు మూలలా ఉన్న మైకు డబ్బాల్లోకీ వెళ్తున్నాయి. అంటే మేం ఏమన్నా ఆడేవాళ్ళకు వినిపిస్తుంది. ఈ విషయం నాకు తెలుసు. తెలిసిన విషయాలు గుర్తుంటే మనిషికి కష్టాలెందుకొస్తాయి?

మొదటి సగం నేను బంగారంలా చెప్పాను. జరిగింది చెప్పాను. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో స్పాన్సర్ పక్కన కూర్చున్న శైలజ మేడం నా వైపు చూసి తలూపారు. రెండో సగంలో మందుల కంపెనీ వెనకబడింది. నా కుర్చీ దానంతట అదే ముందుకు జరగడం మొదలైంది.

"పైపుల కంపెనీ రైడర్ ఒస్తున్నది... ఎడమకాలు మీద బరువేస్తలేదు... మణెమ్మా, గా కాలు సూడు!"

మణెమ్మ చూసింది, పట్టేసింది. పాయింటు వచ్చింది. జనం ఈలలు వేశారు.

రవూఫ్ సార్ మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి, "బేటా, మనం జెప్పేది పబ్లిక్‌కు. ప్లేయర్లకు గాదు," అన్నారు.

"సారీ సార్, నోరు జారింది."

రెండు నిమిషాలు బుద్ధిగా ఉన్నాను. తర్వాత నోరు మళ్ళీ జారింది. "మణెమ్మా, బోనస్ కోసం ఒస్తున్నది, ఎన్కకు జరుగు!" అన్నాను. "పూజా, తొందరపడకు, రానియ్యి రానియ్యి!" అన్నాను. పైపుల కంపెనీ కోచ్ రెఫరీ దగ్గరికి పరిగెత్తి, "సార్, గామె కామెంటరీ జెప్తున్నదా, కోచింగ్ ఇస్తున్నదా?" అని గొడవపెట్టాడు. రెఫరీ వచ్చి నాకు వేలు చూపించి పోయాడు. కబడ్డీలో కామెంటేటర్‌కు వార్నింగ్ ఇవ్వడం బహుశా అదే మొదలు. శైలజ మేడం తలూపడం మానేసి నుదురు పట్టుకున్నారు.

నేను అదేమీ చూసే స్థితిలో లేను. స్కోరు సమానమైంది. చివరి కూత. పైపుల కంపెనీ నుంచి జోగిపేట పిల్ల ఒకతి వచ్చింది. పొడుగ్గా, పాదరసంలా ఉంది. కూత పెడుతూ సరాసరి ఎడమ మూలకు, అంటే నా వైపుకే దూసుకొచ్చింది. నేను ఎప్పుడు లేచానో తెలియదు, మైకుతో సహా వెనక గీత మీద నిలబడి ఉన్నాను. పూజ కాలికి దూకి జారింది. జోగిపేట పిల్ల కాలు నాకు జానెడు దూరంలో దిగింది.

అప్పుడు మణెమ్మ అరిచింది.

"సునీ, కాలు!"

ఇక మీరే చెప్పండి, నేనేం చేయాలి? ఆ పిలుపు కోసం ఎన్నేళ్ళుగా ఎదురుచూశాను! నా చెవి విన్నది మెదడుకు చేరలేదు, తిన్నగా చేతులకు వెళ్ళిపోయింది. దూకాను. చీలమండ దొరికింది. ఆ మరుక్షణం మణెమ్మ పైనుంచి వచ్చి నడుము పట్టేసింది. ముగ్గురం కలిసి ధబ్బున పడ్డాం. మైకు నా చేతిలోనే ఉంది కాబట్టి ఆ ధబ్బు గ్రౌండంతా మోగింది. దాని వెనకే నా కేక కూడా లైవ్‌లో మోగింది.

"పట్టిన! పట్టిన మణెమ్మా!"

మా ఇద్దరి జీవితంలో అంత చక్కటి పట్టు ఇంకొకటి లేదు. అబద్ధమెందుకు, ముక్కులో మట్టి, మోచెయ్యి చీరుకుపోయి మంట, మీద మణెమ్మ బరువు, అయినా ఆ క్షణంలో నా అంత సుఖపడిన మనిషి సంగారెడ్డి జిల్లాలో లేదు.

రెఫరీ వచ్చి మా పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఎవరమ్మా నువ్వు?"

"లెఫ్ట్ కార్నర్," అన్నాను. నిజంగానే అన్నాను. అదీ లైవ్‌లో వెళ్ళింది.

మట్టి దులుపుకుంటూ లేచిన పూజ బిక్కమొహం వేసి, "దీదీ, వో తో మేరీ జగహ్ హై," అంది. అది నా చోటు కదక్కా అని. ఆ మాటతో నాకు పూర్తిగా తెలివొచ్చింది. కాలు వదిలేశాను.

రెఫరీ రూల్స్ పుస్తకం తెప్పించుకుని చూశాడు. అందులో కామెంటేటర్ కాలు పట్టుకుంటే ఏం చేయాలో లేదు. రవూఫ్ సార్‌ని అడిగాడు. "ముప్పై ఏండ్ల సర్వీసుల సూడలేదు భాయ్," అన్నారాయన. చివరికి బయటి మనిషి అడ్డుపడింది కాబట్టి పాయింటు కూతకు వచ్చిన అమ్మాయిదే అని తేల్చారు. ఆ ఒక్క పాయింటుతో పైపుల కంపెనీ గెలిచింది. ఇందులో నన్ను ఇప్పటికీ కాల్చేది ఏమిటంటే, నేను దూకకపోయినా మణెమ్మ ఆ పిల్లను పట్టేసేదే. అప్పటికే మీదికి వచ్చేసింది. కప్పు ఆమెదే అయ్యేది.

శైలజ మేడం నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చారు. "జరిగింది చెప్పమన్నానమ్మా," అన్నారు. "జరిపించమన్నానా?"

అదే సమయానికి ఆవిడ ఫోనూ స్పాన్సర్ ఫోనూ ఒక్కసారే టింగుమన్నాయి. వార్తాలేఖ వచ్చేసింది. స్పాన్సర్ అక్కడే నిలబడి పైకి చదివాడు. "ఒక్కసారి కూడా హద్దు దాటకుండా..." అని ఆగి, సగం కోర్టులో, సగం బయట కూర్చున్న నన్ను చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. సోమవారం నుంచి నేను మళ్ళీ ఆ కుర్చీలోనే ఉన్నాను.

జనం వెళ్ళిపోయాక మణెమ్మా నేనూ నీళ్ళ ట్యాంకర్ దగ్గర మోచేతులు కడుక్కున్నాం. నాకు ఏడుపు ఆగలేదు. ఈసారి జలుబనే వంక కూడా లేదు.

"నీ ఆఖరి ఆట ఓడగొట్టిన మణెమ్మా."

"నువ్వేడ ఓడగొట్టినవే? పిల్సింది నేనే గద," అంది ఆమె, మోకాలి పట్టీ విప్పుతూ. "ఆటంత నీ గొంతే చెవులల్ల పడుతుండె. పూజా అని పిలుద్దామనుకున్న, నోట్లకెల్లి నీ పేరొచ్చె. గట్లెట్లొచ్చిందో నాకే తెల్వదు."

"కప్పు పాయె."

"కప్పు తీస్కపోయి క్యాంటీన్ల పెడ్తరు, ఎవలు సూస్తరు?" అంది. తర్వాత నా చీరుకుపోయిన మోచెయ్యి చూసి నవ్వింది. "పట్టు మాత్రం మంచిగ పడ్డదే, సునీ."

చెప్పిన మాట ప్రకారం మణెమ్మ ఆ రోజుతో ఆట మానేసింది. నేను ఇప్పటికీ నెలనెలా వార్తాలేఖ రాస్తున్నాను.

కాబట్టి ఇందుమూలంగా మందుల కంపెనీ, పైపుల కంపెనీ, రెఫరీలు, స్పాన్సర్లు, ముఖ్యంగా బీహార్ పూజ సమక్షంలో గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో చేత మైకు ఉండగా ఏ క్రీడాకారిణి కాలూ పట్టుకోను. కోర్టులోంచి ఎవరు ఎంత గట్టిగా, ఎంత ప్రేమగా నా పేరు పెట్టి పిలిచినా గీత దాటను. ఈ ప్రమాణం నిలబెట్టుకోవడం ఏమంత కష్టం కాదు. అలా పిలిచే మనిషి ఇప్పుడు ఆడటం లేదు.