దానయ్య గొలుసు బండి

ప్రత్తిపాడు బస్టాండులో టీ బంకు నడిపే ఆదెయ్య ఈ మాట ఇప్పటికీ చెబుతుంటాడు. "రేడియోల దానయ్య ఎరుకేగా? ఏదో బండి చేశాడు. చేలో దించితే అడుగు కదల్లేదు. నలుగురూ నవ్వారని పురుగుమందు తాగి చచ్చాడు." వినేవాళ్లు అయ్యో పాపం అనుకుంటూ గ్లాసు కింద పెట్టి బస్సెక్కుతారు. దానయ్య చెల్లెలు సంతోషకుమారి ఆ బంకు పక్కనే బస్సు కోసం నిలబడి ఈ మాట విన్నది. బస్సు రాగానే ఎక్కి వెళ్లిపోయింది. నలుగురు మగవాళ్లున్న చోట ఆమె మాట్లాడదు.

దానయ్యకి బస్టాండు వెనక బల్లంత కొట్టు ఉండేది. రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసేవాడు. ఒకసారి సామాన్ల కోసం గుంటూరు వెళ్లి, బ్రాడీపేటలో పాత పుస్తకాల కుప్పలోంచి ఒక ఇంగ్లీషు పత్రిక తెచ్చుకున్నాడు. అందులో బుల్‌డోజరులా గొలుసు పట్టాల మీద నడిచే చిన్న రోబో బొమ్మ ఉంది. ఇంగ్లీషు తెలియకపోయినా తీగలు గీసిన బొమ్మ తెలిసింది. కాలవ తవ్వినప్పుడు బుల్‌డోజరు బురదలో ఎలా పోయిందో చిన్నప్పుడు చూసినవాడే. అది తనూ చెయ్యాలని పట్టు పట్టాడు.

పాత సైకిలు చైన్లు జతలుగా పరిచి, వాటి మధ్య లారీ టైరు ముక్కలు బోల్టులతో బిగించి పట్టాలు చేశాడు. తుక్కు లారీల అద్దాలు తుడిచే మోటార్లు తెచ్చి పక్కకొకటి పెట్టాడు. మధ్యలో పాత బ్యాటరీ. చేతిలో స్విచ్చుల డబ్బా, దాన్నుంచి బండికి పొడుగాటి తీగ. రెండు మోటార్లూ తిరిగితే బండి ముందుకు పోతుంది, ఒకటి ఆపితే ఆ పక్కకి మళ్లుతుంది. సంతోషకుమారి ఏడో తరగతిలో బడి మానేసి కూలికి పోయేది. సాయంత్రం వచ్చి బోల్టుల ముంత ఒళ్లో పెట్టుకుని అన్న చేతులే చూస్తూ కూర్చునేది.

మొదటిసారి వదిలితే బండి ఎడమకి లాగుతూ పోయి పక్కింటి కోళ్లగూటిని గుద్దింది.

"ఏరా, నీ బండికి కోడికూర కావాలంటనా?" అంది తల్లి ఎలీసమ్మ.

మోటార్లు ఒక లారీవి కావు, ఒకటి బద్ధకంగా తిరుగుతోంది. చురుకైన దాని తీగలో హీటరు కాయిలు ముక్క ఒకటి కలిపాడు. దాని జోరు తగ్గింది, బండి తిన్నగా నడిచింది. పల్లెలో పిల్లలంతా దాని వెంట పడ్డారు.

అప్పటిదాకా అది ఆటే. ఎనభై ఏడులో తెల్లదోమ పత్తి మీద పడ్డాక అది ఆటగా మిగల్లేదు. ఆ ఏడు ఎవరి దగ్గరా రేడియో బాగుచేయించుకునే ఓపిక లేదు. దానయ్య కొట్టు మూసి పురుగుమందు కొట్టే కూలికి వెళ్లాడు. వీపున తొట్టి, ఒక చేత్తో పంపు, ఇంకో చేత్తో గొట్టం. సంతోషకుమారి నీళ్లు మోసి అందించేది. సాలు చివర వంగి తిరిగినప్పుడల్లా తొట్టి మూతలోంచి మందు కారి అతని నడుము దాకా తడిపేది. ఇంటికొచ్చి వాంతులు చేసుకునేవాడు. చేతులు వణికి గరిట జారేది. ఒకరోజు పట్టుకారుతో చిన్న తీగ పట్టుకోబోయి పట్టుకోలేకపోయాడు. ఆ చేతులు పోతే ఇక రేడియోలు లేవు.

"సంతోషం, ఈ తొట్టి నా వీపు మీంచి దిగాలే. దిగి బండెక్కాలి," అన్నాడు చెల్లెలితో.

పంపు పిడి ఆడించడానికి మూడో మోటారు పెట్టాడు. దాని ఇరుసు అదురుతుంటే తొట్టి మూతలోని రబ్బరు వాషరు తీసి అక్కడ బిగించాడు.

"మూత ఇంకా కారుద్దేమో అన్నయ్యా," అంది సంతోషకుమారి.

"కారితే నేల మీద కారుద్ది. బండికి వాంతులవ్వవులే."

నల్లరేగడి పట్టాలకి అంటుకుని చక్రాలు బిగుసుకుపోతుంటే, మన్ను గీకి పడేసేలా లోపల ఇనపరేకు ముక్కలు పెట్టాడు. అప్పుడు వెళ్లి రైతు చెంచయ్యని అడిగాడు.

"యుద్ధానికేమన్నా పోతున్నావురా?" అని నవ్వాడు చెంచయ్య.

"తెల్లదోమ మీదకేనయ్యా."

"సరే, ఒక్క సాలు. చెట్టు విరక్కుండా ఆ చివరికి పోతే ఈసారి మందు నీ బండితోనే కొట్టు."

పొద్దున్నే దించారు. తొట్టి మోస్తూ బండి సాల్లోకి దిగింది. దానయ్య గాలికి ఎదురు పక్క, తీగ పొడుగునా దూరంగా నడిచాడు. వీపు మీద ఏమీ లేకుండా అన్న చేలో నడవడం సంతోషకుమారి ఆ ఏడు అప్పుడే చూసింది. అవతలి గట్టు ఎక్కి బండి ఆగిపోయింది. స్విచ్చు ఎన్నిసార్లు నొక్కినా కదల్లేదు. పాత బ్యాటరీ, అయిపోయింది.

"నీదేం తప్పులేదురా," అన్నాడు చెంచయ్య. "కానీ దోమ నీ బ్యాటరీ కోసం ఆగుద్దా? ఇంకా ఎకరం పైన ఉంది. కలిపిన మందు ఉంది."

దానయ్య తొట్టి బండి మీంచి విప్పాడు. సంతోషకుమారి మూత వంక చూసింది.

"మూతకి వాషరు లేదు అన్నయ్యా, ఇరుసులో నలిగిపోయింది. మానెయ్."

"మానితే రేపు పిలవడు. తువాలు కట్టు."

ఆమె తువాలు మడిచి వీపుకి కట్టింది. మధ్యాహ్నానికల్లా అది పిండితే కారేలా అయింది. విప్పి ఉతికి కట్టింది, మళ్లీ నానింది. ఎండ దిగేవేళకి దానయ్య నోట్లోంచి చొంగ కారుతూ గట్టు మీద కూలబడ్డాడు. చెంచయ్య ట్రాక్టరులో గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఒళ్లంతా మందు వాసన. ఆ ఏడు పత్తి పోయి మందు తాగినవాళ్లు అక్కడికి రోజూ వచ్చేవాళ్లు. అక్కడి ఆయా చూస్తూనే "ఎంత తాగాడు?" అంది. తోడొచ్చినవాళ్లు ఆ మాటే ఊళ్లోకి తెచ్చారు. వెనకాలే శవం వచ్చింది.

పాస్టరు జయరావుగారు గుమ్మంలోనే ఆగారు. "ఎలీసమ్మా, ఉన్నమాట చెప్పమ్మా. తాగాడా? తానే తాగి పోయినవాడికి ప్రార్థన చెయ్యకూడదని సంఘంలో అంటున్నారు."

ఎలీసమ్మ కొడుకుని పక్కకి తిప్పింది. భుజాల నుంచి నడుము దాకా, తొట్టి వెడల్పున, తోలు కమిలి ఊడింది. జయరావుగారు చెప్పులు విడిచి లోపలికొచ్చి ప్రార్థన చేశారు. కానీ ఆ వీపు చూసింది ఇంట్లో ఉన్న నలుగురే. టీ బంకు దాకా వచ్చింది ఆయా మాటే.

పత్తి తీసే రోజుల్లో సంతోషకుమారి చెంచయ్య చేలోకి కూలికి వెళ్లింది. కాయ సగం కుళ్లింది. బండి నడిచిన సాలు ఆమెకే వచ్చింది. వంగి ఏరుకుంటూ చివరికి పోయింది. బండి అవతలి గట్టు మీదే ఉంది. చైన్లు తుప్పు పట్టాయి, టైరు ముక్కల సందుల్లో నల్లమట్టి ఎండి గట్టిపడింది. దాన్ని అక్కడికి ఎవరూ మోసుకెళ్లలేదు. చెట్టు కొమ్మ ఒక్కటీ విరవకుండా, ఈ చివర నుంచి ఆ చివరికి అదే నడిచి వెళ్లింది.